పాత బుల్లెట్ 350: బ్రిడ్జి దిగుతుంటే సైలెన్సర్‌లో టపటపలు, కిక్ కొడితే వెనక్కి తన్నుడు

దిండి రేవు:

నమస్కారమండీ. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాన్నగారి బుల్లెట్ 350 ఉంది, 1989 మోడల్. పాత ఇనప ఇంజను, కుడికాలి గేరు, పాయింట్ల ఇగ్నిషన్ (తెరుచుకుని మూసుకునే రెండు చిన్న లోహపు మొహాలతో ప్లగ్గుకి మెరుపు పంపే పాత పద్ధతి). కార్బురేటర్ మిక్‌కార్బ్, 24 సైజు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ లాంటివేవీ పెట్టించలేదు. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక కిక్ కొట్టలేక వదిలేశారు. అప్పటి నుంచి చావిట్లో గోనెసంచుల కింద ఉండిపోయింది. సంక్రాంతికి ముందు బయటికి తీసి, ట్యాంకు కడిగించి, బ్యాటరీ, టైర్లు కొత్తవి వేయించాను. ఇప్పుడు రోజూ నడుపుతున్నాను.

బాధలు రెండున్నాయి. మొదటిది సైలెన్సర్‌లో శబ్దం. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు ఏమీ ఉండదు. బండి బాగా వేడెక్కాక యాక్సిలరేటర్ వదిలేస్తే టప్ టప్ మని మొదలవుతుంది. దిండి నుంచి చించినాడ బ్రిడ్జి ఎక్కి పాలకొల్లు వైపు దిగుతాను కదా, ఆ వాలు అయ్యేదాకా టపటపలాడుతూనే ఉంటుంది. మధ్యలో ఒక్కోసారి ఢామ్మని పేలుతుంది. మొన్న ముందు వెళ్తున్న కొబ్బరికాయల ఆటో అతను టైరు పేలిందనుకుని పక్కకి ఆపేశాడు. యాక్సిలరేటర్ ఇస్తే మాత్రం శుభ్రంగా లాగుతుంది.

రెండోది కిక్కు. వేడి మీద కిక్ కొడితే రాడ్డు వెనక్కి తన్నుతోంది. అదే సమయంలో కార్బురేటర్ లోంచి ఫట్ మని తుమ్మినట్టు వస్తుంది. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కడానికి ఇంజను ఆపి, నర్సాపురం ఒడ్డున దిగి మళ్ళీ స్టార్ట్ చేయాలంటే భయమేస్తోంది. వెనక జనం ఉంటారు, నా కాలి మడమ ఇప్పటికే వాచింది.

షెడ్డులో కార్బురేటర్ విప్పి కడిగారు. మిక్స్చర్ సరిపోవడం లేదని కార్బురేటర్‌లో పెట్రోల్‌ని అదుపు చేసే నీడిల్ క్లిప్పు ఒక గాడి కిందికి మార్చారు. అప్పటి నుంచి ప్లగ్గు నల్లగా మసిబారుతోంది, మైలేజీ పడిపోయింది, టపటపలు మాత్రం అలాగే ఉన్నాయి. ఇప్పుడు కార్బురేటరే మార్చేయమంటున్నారు. ఇది మార్చడం నాకూ నాన్నగారికీ ఇష్టం లేదు. నిజంగా మార్చక తప్పదా? లేక ఇంకెక్కడైనా చూడాలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఉండి కాలవ:

బ్రదర్, ఆ వయసు కార్బురేటర్‌కి లోపల అరుగుదల తప్పదు. నేను మా బాబాయి బండికి కొత్తది వేయించాను, స్టార్టింగ్ బాగుంది. ఒకసారి మెయిన్ జెట్ (కార్బురేటర్‌లో పెట్రోల్ వచ్చే రంధ్రపు ముక్క) పెద్దది వేసి కూడా చూడండి, పెట్రోల్ చాలకపోయినా సైలెన్సర్ పేలుతుంది.

పాలకొల్లు పాత షెడ్డు:

బాబూ, కార్బురేటర్ మార్చకండి. మెయిన్ జెట్ జోలికీ పోకండి. మీరు చెప్పిన లక్షణాల్లోనే జవాబు చాలావరకు ఉంది. నేను చాలా ఏళ్ళు షెడ్డు నడిపాను, ఈ ఇనప ఇంజన్లే ఎక్కువ వచ్చేవి. ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

పేలుడు ఎటు నుంచి వస్తోంది, ఎప్పుడు వస్తోంది అన్నది ముందు విడదీసుకోవాలి. సైలెన్సర్ వైపు పేలేది ఒక జబ్బు, కార్బురేటర్ వైపు తన్నేది ఇంకో జబ్బు. రెంటినీ కలిపి బ్యాక్ ఫైర్ అనేస్తారు, తర్వాత రెంటికీ కార్బురేటర్‌నే విప్పుతారు. మీకు రెండూ వేరు వేరుగా ఉన్నాయని నా అనుమానం.

సైలెన్సర్ సంగతి ముందు చూద్దాం. యాక్సిలరేటర్ పూర్తిగా వదిలినప్పుడే వస్తోందన్నారు. కార్బురేటర్‌లో నీడిల్ పని చేసేది యాక్సిలరేటర్ పావు వంతు నుంచి ముప్పావు దాకా తెరిచినప్పుడు. ముప్పావు దాటాక మెయిన్ జెట్. పూర్తిగా మూసినప్పుడు ఇంజన్‌కి పెట్రోల్ ఇచ్చేది పైలట్ జెట్టే. అంటే బ్రిడ్జి దిగేటప్పుడు మీ నీడిల్ ఏ గాడిలో ఉన్నా ఒకటే. అందుకే క్లిప్పు మార్చినా టపటపలు పోలేదు, మామూలుగా నడిపేటప్పుడు మాత్రం పెట్రోల్ ఎక్కువై ప్లగ్గు నల్లబడింది. ఆ క్లిప్పుని ముందు ఎక్కడ ఉండేదో అక్కడికి తెచ్చేయండి. ఇది మొదటి పని.

ఇక అసలు విషయం. వాలు దిగేటప్పుడు చక్రం ఇంజన్ని తిప్పుతుంది, లోపలికి వెళ్ళే మిశ్రమం మాత్రం చాలా పల్చగా ఉంటుంది. ప్రతిసారీ అంటుకోదు. అంటుకోనిది అలాగే సైలెన్సర్‌లోకి పోతుంది. అక్కడ దానికి కొత్త గాలి దొరికితే, తర్వాత వచ్చే మంటకి అంటుకుని పేలుతుంది. ఆ కొత్త గాలి ఎక్కడిది? ఈ ఇంజన్‌కి సైలెన్సర్ బెండు పైపు హెడ్డులోకి గుచ్చి ఉంటుంది. పైపు కిందనున్న బ్రాకెట్ బోల్టు వదులైనా, ఎవరైనా విప్పి సరిగ్గా కొట్టకుండా బిగించినా ఆ నోటి దగ్గర సందు పడుతుంది. ఇంజను వదిలిన పొగ సన్నగా బయటికి వస్తుంది, మధ్య మధ్యలో బయట గాలి లోపలికి పీల్చుకుంటుంది. వేడెక్కితే సందు ఇంకా పెరుగుతుంది. మీకు చల్లగా ఉన్నప్పుడు రాకుండా వేడి మీద రావడానికి ఇది బాగా సరిపోతోంది.

చూడటం తేలిక. ఇంజను పూర్తిగా చల్లారాక హెడ్డులోకి పైపు దూరే చోట టార్చి వేసి చూడండి. చుట్టూ మసి చార కనబడితే అక్కడ లీకవుతోందని అర్థం. పైపుని చేత్తో పట్టుకుని ఊపండి, కదిలితే ఇంకేం చూడక్కర్లేదు. ఇంకో పద్ధతి, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, సైలెన్సర్ చివర తడిగుడ్డ మడిచి ఒక్క క్షణం అదిమి పెట్టమని ఎవరికైనా చెప్పండి. మీరు హెడ్డు దగ్గర చెవి పెట్టి వినండి. లీకుంటే బుస్సుమని వినబడుతుంది. వేడెక్కాక ఆ గుడ్డ పని చేయకండి, చేతులు కాలతాయి.

లీకుంటే బ్రాకెట్లన్నీ వదులు చేసి, పైపు బయటికి లాగి, లోపల బొగ్గు గీకి శుభ్రం చేసి, వేడికి ఆగే సీలెంట్ పల్చగా రాసి, చెక్కసుత్తితో మెల్లగా కొట్టి కూర్చోబెట్టండి. ముందు హెడ్డు దగ్గర కూర్చోవాలి, తర్వాతే కింద బోల్టులు బిగించాలి. కింద ముందు బిగించేస్తే పైపు ఎప్పుడూ బయటికే గుంజుతుంటుంది.

దీంతోపాటు ఇంకోటి చూడండి, చాలామంది వదిలేస్తారు. డీకంప్రెసర్ (కిక్ తేలికవడానికి ఎగ్జాస్ట్ వాల్వుని కాస్త లేపే మీట) కేబుల్‌కి కాస్త ఫ్రీ ప్లే, అంటే వదులు ఉండాలి. అది బిగుతుగా ఉంటే ఎగ్జాస్ట్ వాల్వు వెంట్రుకవాసి లేచే ఉంటుంది, అప్పుడూ సైలెన్సర్‌లో ఇదే గోల. టాపెట్లు కూడా అంతే. ఇంజను చల్లగా ఉన్నప్పుడు, పిస్టన్ పైకి వచ్చి రెండు వాల్వులూ మూసుకున్న చోట పెట్టి, పక్కనున్న టాపెట్ కవర్ విప్పండి. వాల్వుల్ని తెరిచే కడ్డీలు, అంటే పుష్‌రాడ్లు రెండూ వేళ్ళతో తిప్పితే తిరగాలి. కానీ పైకీ కిందికీ ఆడకూడదు. ఈ బండికి ఫీలర్ గేజ్ అక్కర్లేదు, వేళ్ళే కొలత. తిరగకపోతే వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదని.

ఇప్పుడు కిక్కు వెనక్కి తన్నడం. ఇది నన్ను ఎక్కువ కంగారు పెడుతోంది. మడమ వాచిందన్నారు, ఆ దెబ్బకి మోకాళ్ళు పోయినవాళ్ళని చూశాను. పిస్టన్ పైకి రావడానికి మరీ ముందే మెరుపు పడితే పిస్టన్ వెనక్కి తిరుగుతుంది, రాడ్డు తన్నుతుంది. అలా వెనక్కి తిరిగినప్పుడు ఇన్‌లెట్ వాల్వు మళ్ళీ తెరుచుకుంటే మంట కార్బురేటర్ లోంచి బయటికి వస్తుంది. మీరన్న తుమ్ము అదే. ఇది పెట్రోల్ సంగతి కాదు, టైమింగ్ సంగతి.

పాయింట్లున్న డిస్ట్రిబ్యూటర్ లోపల, పాయింట్ల ప్లేటు కింద, ఆటో అడ్వాన్స్ అని ఒకటుంటుంది. రెండు చిన్న ఇనప బరువులు, వాటికి రెండు స్ప్రింగులు. ఇంజను వేగం పెరిగితే బరువులు బయటికి విచ్చుకుని మెరుపుని ముందుకు జరుపుతాయి, వేగం తగ్గితే స్ప్రింగులు వెనక్కి లాగుతాయి. మన కోనసీమ గాలిలో ఉప్పు, తేమ. చావిట్లో అన్నాళ్ళున్న బండికి ఆ బరువుల పిన్నులు తుప్పు పడతాయి. బండి నడిచేటప్పుడు ఒకసారి విచ్చుకున్న బరువులు వెనక్కి రావు. అప్పుడు కిక్ కొడితే మెరుపు ఎప్పుడో ముందే పడుతుంది.

మూత తీసి, మధ్యనున్న కామ్‌ని రెండు వేళ్ళతో తిరిగే దిక్కుకి తిప్పి వదలండి. చటుక్కున వెనక్కి రావాలి. మెల్లగా వచ్చినా, సగంలో ఆగినా లోపం అక్కడే. చూసి చెప్పండి. అప్పటిదాకా వేడి మీద కిక్ కొట్టకండి. కాస్త చల్లారనిచ్చి, అమ్మీటర్ ముల్లు మధ్యకి రావడం చూసుకుని, డీకంప్రెసర్ నొక్కి పిస్టన్‌ని పైస్థానం దాటించి, అప్పుడు నిండుగా తొక్కండి. సగం కిక్కు అసలు వద్దు.

దిండి రేవు:

గురువుగారూ, ఇంత వివరంగా రాసినందుకు చాలా థ్యాంక్స్. నిన్న సాయంత్రం నాన్నగారు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు, నేను ఒక్కొక్కటీ చూశాను.

సైలెన్సర్ పైపు మీరన్నట్టే ఉంది. హెడ్డు దగ్గర కిందివైపు అర్ధచంద్రాకారంలో నల్లటి చార, వేలితో తుడిస్తే మసి పొడిపొడిగా వచ్చింది. పైపు పట్టుకుని ఊపితే కటకటమంది. ఫుట్‌రెస్టు దగ్గరున్న బోల్టుకి వాషరే లేదు. టైర్లు మార్చేటప్పుడు సైలెన్సర్ విప్పి ఉంటారనుకుంటున్నాను. డీకంప్రెసర్ కేబుల్‌కి ప్లే ఉంది. పుష్‌రాడ్లు తిరుగుతున్నాయి, ఎగ్జాస్ట్‌ది కొంచెం బిగువు అనిపించింది.

డిస్ట్రిబ్యూటర్ మూత తీసి కామ్‌ని తిప్పాను. అటు వెళ్ళింది, సగం దాకా వెనక్కి వచ్చి ఆగిపోయింది. వేలితో నెడితే మిగతా సగం వచ్చింది. ప్లేటు పక్క సందులో ఎర్రటి పొడి కనబడుతోంది. పాయింట్ల మొహాల మీద ఒకదానికి చిన్న గుంట, ఎదురుగా రెండోదానికి మొటిమ లాంటిది ఉంది. ఇంజను నడుస్తుంటే చీకట్లో చూశాను, పాయింట్ల మధ్య తెల్లగా, నీలంగా బాగానే మెరుస్తోంది. అలా మెరవడం మంచిదేనా?

పైపు ఈ ఆదివారం చేస్తాను. అడ్వాన్స్ నేను విప్పుకోవచ్చా, లేక షెడ్డుకే తీసుకెళ్ళాలా?

పాలకొల్లు పాత షెడ్డు:

అలా మెరవడం మంచిది కాదు. పాయింట్ల దగ్గర మెరుపు అంత గట్టిగా కనబడితే కండెన్సర్ (పాయింట్ల దగ్గర మెరుపు రాకుండా ఆపే చిన్న డబ్బా) పోయిందని గుర్తు. మెరుపు ప్లగ్గు దగ్గర పడాలి, పాయింట్ల దగ్గర కాదు. గుంట, మొటిమ కూడా దానివల్లే. కండెన్సర్ మార్చండి, చవకే. ఇది పాడైతే వేడి మీద ప్లగ్గు మెరుపు బలహీనమవుతుంది, అంటుకోని పెట్రోల్ సైలెన్సర్‌లోకి పోతుంది. మధ్య మధ్యలో వచ్చే ఆ ఢామ్ దీనిదే అయ్యుండాలి. టపటపలు లీకువి, ఢామ్ కండెన్సర్‌ది. పాయింట్లు కూడా కొత్తవి వేసేయండి, ఎమిరీ పేపర్‌తో రుద్ది సర్దుకోవద్దు.

అడ్వాన్స్ మీరే విప్పుకోవచ్చు. తీసే ముందు ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకోండి, ప్లేటు ఉన్న చోట సన్నటి గీత గీసుకోండి. బరువులు తీసి కిరసనాయిలులో నానబెట్టి పిన్నులు మెరిసేదాకా తుడవండి. మెషిన్ ఆయిల్ ఒక్కొక్క చుక్క చాలు. గ్రీజు పెట్టకండి, అది పాయింట్ల మీదికి చిమ్ముతుంది. స్ప్రింగులు సాగి వదులుగా ఉంటే రెండూ కలిపి మార్చాలి, ఒకటి పాతది ఒకటి కొత్తది వద్దు.

బిగించాక పాయింట్ల గ్యాపు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. గ్యాపు ముందు, టైమింగ్ తర్వాత. గ్యాపు మారితే టైమింగ్ మారుతుంది కాబట్టి వరస తప్పకూడదు. టైమింగ్‌కి బండిని సెంటర్ స్టాండ్ వేసి, టాప్ గేరులో పెట్టి, ప్లగ్గు తీసి, వెనక చక్రం చేత్తో తిప్పుతూ ఉండండి. ప్లగ్గు రంధ్రంలోంచి సైకిల్ స్పోకు దించితే పిస్టన్ ఎక్కడుందో తెలుస్తుంది. రెండు వాల్వులూ మూసి ఉన్నప్పుడు, పిస్టన్ పై అంచుకి చేరడానికి 0.8 మిల్లీమీటర్లు ముందు పాయింట్లు విడిపోవాలి. బరువులు పూర్తిగా ముడుచుకుని ఉన్నప్పటి లెక్క ఇది. విడిపోయే క్షణం తెలియడానికి పాయింట్ల మధ్య సిగరెట్ పెట్టె లోపలి పల్చటి కాగితం పెట్టి మెల్లగా లాగుతూ ఉండండి. పట్టు వదిలి కాగితం జారిన చోటే పాయింట్లు తెరుచుకున్న చోటు. చక్రాన్ని వెనక్కి ముందుకి తిప్పి చూసుకోవచ్చు, కానీ చివరిసారి మాత్రం ఎప్పుడూ ఇంజను తిరిగే దిక్కుగానే రండి. లేకపోతే గేర్ల మధ్య వదులు లెక్కలోకి వచ్చేస్తుంది.

ఎగ్జాస్ట్ పుష్‌రాడ్ బిగువన్నారు, దాన్ని కూడా ఒక వెంట్రుక వదులు చేయండి. బిగువుగా వదిలేస్తే వాల్వు సీటు కాలిపోతుంది. అది పెద్ద ఖర్చు.

అమలాపురం కెమిస్ట్రీ:

గురువుగారూ, దిండి రేవు గారూ, నమస్తే. నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. మా ఇంట్లో పాత వంద సీసీ బండి ఉంది, నేనే నడుపుతాను, నేనే విప్పుతాను. మెకానిక్ పని మీద గురువుగారు చెప్పినదానికి నేను కలపగలిగింది ఏమీ లేదు. పెట్రోల్ సంగతి మాత్రం చెప్పాలనిపించింది. లీకు, కండెన్సర్ బాగుచేశాక కూడా సన్నగా టపటపలు మిగిలితే ఇది పనికొస్తుంది.

1989లో మీ కార్బురేటర్ జెట్లు అమర్చింది ఇథనాల్ లేని పెట్రోల్‌కి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపినది. 2023లో మొదలై, 2025 కల్లా దేశమంతా దాదాపు అదే వస్తోంది. చెరకు మడ్డి, విరిగిన బియ్యం, మొక్కజొన్న లాంటివాటి నుంచి తీస్తున్నారు. ఇథనాల్ అణువులో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అది మండటానికి బయట గాలి తక్కువ చాలు. ఒక కిలో పెట్రోల్ పూర్తిగా మండటానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కి 9 కిలోలే. 20 శాతం కలిసినదానికి సుమారు 13.5. కార్బురేటర్‌కి ఈ లెక్క తెలియదు, జెట్టు రంధ్రం ఎంతుంటే అంతే వదులుతుంది. అంటే మీరు ఒక్క స్క్రూ కూడా తిప్పకపోయినా మీ మిశ్రమం అప్పటికంటే ఏడెనిమిది శాతం పల్చబడింది. పైలట్ జెట్ దగ్గర ముందే పల్చగా ఉంటుంది కాబట్టి తేడా అక్కడే బయటపడుతుంది. కొత్త బండ్లలో సెన్సర్ ఉండి కంప్యూటర్ సర్దుకుంటుంది, మన బండ్లకి మనమే సర్దాలి.

ఇంకోటి తేమ. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. కొంతవరకు కలుపుకుని ఉంచుకుంటుంది, ఆ హద్దు దాటితే నీరూ ఇథనాలూ కలిసి విడిపోయి ట్యాంకు అడుక్కి చేరతాయి. మన పెట్రోల్ ట్యాప్ తాగేది అడుగు నుంచే కదా. సగం ఖాళీ ట్యాంకుతో వానాకాలంలో వారాల తరబడి నిలబెట్టిన బండికి ఇది తప్పదు. కార్బురేటర్ కింద పెట్రోల్ నిలిచే ఫ్లోట్ గిన్నె విప్పి ఆ పెట్రోల్‌ని గాజు సీసాలో పోసి వెలుతురుకి పెట్టి చూడండి, అడుగున వేరే పొర కనబడుతుంటే ట్యాంకంతా ఒంపేయాల్సిందే.

పిల్లలకి నేను చూపించే ప్రయోగం ఒకటి చెప్తాను. కొలత గీతలున్న గాజు గొట్టంలో 90 మిల్లీలీటర్ల పెట్రోల్, 10 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి, బిరడా పెట్టి మెల్లగా ఊపి, నిలకడగా ఉంచితే కింద పొర 10 దగ్గర ఆగదు. ఇథనాల్ అంతా నీటిలోకి దిగిపోయి కింద పొర సుమారు 28 దాకా వస్తుంది. పెరిగిన 18 ఇథనాల్. ఆరుబయట, నిప్పుకి దూరంగా చేయాలి. చూశాక ఆ పెట్రోల్‌ని బండిలో పోయకూడదు. కాలవలో అసలే పోయకూడదు, ఆ నీళ్ళే చేపల చెరువులకి వెళ్తాయి.

పాత రబ్బరు పైపులు, ట్యాప్ లోపలి వాషర్లు కూడా ఒకసారి చూసుకోండి. ఇథనాల్‌కి తట్టుకునేలా చేసినవి కావు. మా బండి పైపు వేలితో నొక్కితే జీడిపాకంలా మెత్తగా అయిపోయింది, మార్చేశాను.

పాలకొల్లు పాత షెడ్డు:

మేడమ్ గారు చెప్పింది అక్షరాలా నిజం. పాత బండ్లన్నీ ఈమధ్య పల్చగా నడుస్తున్నాయని మా అబ్బాయి అంటుంటే, లెక్క ఇంత స్పష్టంగా ఇప్పుడే చూశాను. ఆ ప్రయోగం షెడ్డులో కుర్రాళ్ళకి చూపించమంటాను.

మరి పైలట్ ఎలా సర్దాలో చెప్తాను. పైలట్ జెట్ విప్పి వెలుతురుకి పెట్టి చూడండి, చుక్క గుండ్రంగా కనబడాలి. ఇనప తీగ, సూది పెట్టి పొడవకండి, రంధ్రం పెద్దదైపోతుంది. చేపల వలకి వాడే సన్నటి నైలాన్ దారం మీ దగ్గర ఎక్కడైనా దొరుకుతుంది, దాన్ని దూర్చి తీయండి. తర్వాత గాలి కొట్టండి. జెట్ ఒక్కటి కడిగితే చాలదు. కార్బురేటర్ లోపల పైలట్ దారి ఉంటుంది, అది ఇంజను వైపు చిన్న రంధ్రంగా తెరుచుకుంటుంది. అందులోంచి కూడా గాలి బయటికి రావాలి. కడిగామని చెప్పే చాలామంది ఈ దారిని ముట్టుకోరు.

పక్కనున్న చిన్న స్క్రూ ఎయిర్ స్క్రూ. మిక్‌కార్బ్‌కి అది ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటుంది, అంటే గాలిని అదుపు చేస్తుంది. లోపలికి తిప్పితే గాలి తగ్గి మిశ్రమం చిక్కబడుతుంది, బయటికి తిప్పితే పల్చబడుతుంది. కొన్ని వేరే కార్బురేటర్లకి స్క్రూ ఇంజను వైపు ఉంటుంది, అక్కడ ఇదంతా తిరగబడుతుంది. అందుకే ఏ వైపుందో చూడకుండా తిప్పకూడదు. మెల్లగా ఆనేదాకా బిగించి, ఒకటిన్నర చుట్టు బయటికి తిప్పి మొదలుపెట్టండి. బండి బాగా వేడెక్కాక, పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ ఇంజను ఎక్కడ అన్నిటికంటే వేగంగా, నిలకడగా తిరుగుతుందో అక్కడ ఆపండి. తర్వాత స్లో స్క్రూతో వేగం తగ్గించుకోండి. అక్కణ్ణుంచి ఎయిర్ స్క్రూ ఒక్క పిసరు లోపలికి ఉంచితే ఇప్పటి పెట్రోల్‌కి సరిపోతుంది. దాదాపు పూర్తిగా మూస్తే తప్ప కుదురు రాకపోతే పైలట్ జెట్ ఒక సైజు పెద్దది వేయాలి.

ఇదంతా లీకు ఆపాకే. లీకుండగా పైలట్ చిక్కబరిస్తే జబ్బు దాగుతుంది, పోదు.

కార్బురేటర్‌కీ హెడ్డుకీ మధ్య జాయింటు కూడా చూసుకోండి. ఇంజను స్లోలో తిరుగుతుంటే చిన్న సిరంజితో మంచినీళ్ళు ఆ జాయింటు చుట్టూ చుక్కలుగా వేయండి. ఇంజను శబ్దం మారితే అక్కడ గాలి పీలుస్తోందని. కొందరు పెట్రోల్ చల్లి చూస్తారు, వేడి ఇంజను పక్కన ఆ పని చేయకండి. మీ కార్బురేటర్‌ది రెండు బోల్టులతో బిగించే చదును మొహం, అంటే ఫ్లాంజ్ అయితే, ఎప్పుడో గట్టిగా బిగించి వంచేసి ఉంటారు. విప్పి గాజు పలక మీద సన్న ఎమిరీ పేపర్ పరిచి, ఫ్లాంజ్ మొహాన్ని దాని మీద మెల్లగా రుద్దండి. రెండు చివర్లు మెరిసి మధ్యలో నల్లగా మిగిలితే వంగిందని. మొత్తం ఒకే రంగుకి వచ్చేదాకా రుద్దితే సరిపోతుంది.

దిండి రేవు:

అందరికీ నమస్కారం. అన్నీ పూర్తయ్యాయి, చెప్పాలని రాస్తున్నాను.

పైపు లాగి శుభ్రం చేసి సీలెంట్‌తో కూర్చోబెట్టాను, వాషర్ వేశాను, ముందు పైన తర్వాత కింద. అడ్వాన్స్ విప్పితే ఒక పిన్ను చుట్టూ తుప్పు గట్టిగా పట్టి ఉంది. ఒక స్ప్రింగు రెండోదానికంటే చూడగానే పొడుగ్గా సాగి ఉంది. భీమవరంలో స్పేర్ పార్టుల షాపులో స్ప్రింగుల జత, కండెన్సర్, పాయింట్లు దొరికాయి. కాగితం పెట్టి టైమింగ్ చూసేటప్పుడు చక్రం నాన్నగారు తిప్పారు. ఆయనకి ఆ పని నాకంటే బాగా చేతిలో ఉంది. మోకాళ్ళు వంగవు గానీ వేలితోనే పిస్టన్ ఎక్కడుందో చెప్పేస్తున్నారు.

కిక్కు ఇప్పుడు వెనక్కి తన్నడం లేదు. వేడి మీద కూడా ఒక కిక్కుకే అందుకుంటోంది. కార్బురేటర్ తుమ్ము పూర్తిగా పోయింది. ఢామ్ మళ్ళీ రాలేదు. టపటపలు చాలావరకు తగ్గి, బ్రిడ్జి దిగేటప్పుడు ఒకటి రెండు మిగిలాయి. మేడమ్ గారు చెప్పారు కదా అని ఫ్లోట్ గిన్నె పెట్రోల్ సీసాలో పోసి చూశాను. వేరే పొర లేదు, కాస్త తుప్పు నలక ఉంది. పెట్రోల్ పైపు మెత్తబడింది, మార్చాను. పైలట్ దారిలోంచి మొదట గాలి రాలేదు, నైలాన్ దారంతో తీసి గాలి కొడితే పచ్చటి జిగురు లాంటిది వచ్చింది. ఎయిర్ స్క్రూ ఒకటిన్నర కంటే పావు చుట్టు లోపల కుదిరింది. నీడిల్ క్లిప్పు పాత గాడికి తెచ్చేశాను, ప్లగ్గు ఇప్పుడు మట్టిరంగులోకి వస్తోంది. నిన్న నర్సాపురం వెళ్ళి వచ్చాను, శబ్దం లేదు.

ఒక్కటే మిగిలింది గురువుగారూ. బాగా ఎండలో నడిపాక యాక్సిలరేటర్ వదిలితే ఇంజను వెంటనే స్లోకి రావడం లేదు, ఒకటి రెండు క్షణాలు అలాగే పైన తిరిగి అప్పుడు దిగుతోంది. నీళ్ళ చుక్కల పరీక్షలో జాయింటు దగ్గర తేడా ఏమీ లేదు.

పాలకొల్లు పాత షెడ్డు:

చాలా సంతోషం. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి.

మిగిలినది ముందు కేబుల్‌లో చూడండి. హ్యాండిల్‌ని పూర్తిగా ఎడమకీ కుడికీ తిప్పినప్పుడు స్లో వేగం మారితే కేబుల్ గుంజుతోందని, దారి మార్చి వేస్తే పోతుంది. మారకపోతే కార్బురేటర్ లోపల యాక్సిలరేటర్‌తో పైకీ కిందికీ కదిలే స్లైడ్ చూడాలి. ఉండి తమ్ముడు అరుగుదల అన్నది ఇక్కడ నిజమయ్యే అవకాశం ఉంది. స్లైడ్ బయటికి తీసి, ఇంజను వైపు మొహం మీద నిలువుగా మెరిసే చార ఉందేమో చూడండి. పొడిగా తుడిచి మళ్ళీ దించి ముందుకూ వెనక్కూ కదిలించండి, టకటకమని ఆడుతుంటే అరిగిందని అర్థం. అరిగిన సందులోంచి గాలి పోతుంది, వేడిలో అది ఇంకా తెలుస్తుంది. కొత్త స్లైడ్ వేసి చూడండి, ఆట తగ్గితే అది చాలు. కార్బురేటర్ లోపలి గోడ కూడా అరిగి, కొత్త స్లైడ్ కూడా ఆడితేనే మొత్తం మార్చడం గురించి ఆలోచించాలి. పాలకొల్లు వైపు వచ్చినప్పుడు షెడ్డుకి తీసుకురండి, మా అబ్బాయి దగ్గర కొత్త స్లైడ్ ఉంది, పెట్టి చూసి కొనుక్కుందురు గాని.